రంగును కోరినదెవరు?

పట్టిసీమ రేవున నిలిచి చూచువారికి గోదావరి యేడాదిలో ముమ్మారు రంగు మార్చుకొను నది. ఆషాఢ శ్రావణములందు ఎగువ నుండి దిగివచ్చు వరద, ఇనుప భస్మముల ఎఱ్ఱదనముతో గూడిన ఒండ్రును మోసికొని వచ్చును. ఆ నీట తేలియాడు సూక్ష్మరేణువులు వెలుతురులోని నీలభాగమును హరించి, పసుపు, ఎఱుపు భాగములను మాత్రమే మన కంటివైపు చిమ్ముటచేత నది యంతయు ఎఱ్ఱమట్టి వన్నె దాల్చును. కార్తికము నాటికి ఒండ్రు అడుగునకు దిగగా, తేటపడిన నీరు ఆకసపు నీలిమను, ఎగువ పాపికొండల దిక్కు నుండి సాగివచ్చిన గట్ల పచ్చదనమును కలిపి ప్రతిఫలించును. శివరాత్రి తీర్థమునకు యాత్రికులు దేవకూటాద్రి మీది వీరభద్రస్వామిని సేవింప వచ్చునప్పటికి నది సన్నగిల్లి, ఇసుకతిన్నెలు ఎండలో తెల్లగా తేలును. ఈ మూడు కాలములందును జనమును దాటించు లాంచీ ఒక్కటే కావచ్చును, దాని పక్కలకు పూసిన పసుపు రంగు ఒక్క డబ్బాలోనిదే కావచ్చును; కాని ఆ పసుపు వరదనీటి మీద వెలవెలబోవును, శీతకాలపు నీటి మీద కొట్టవచ్చినట్లు కనబడును, తెల్లని ఇసుక ప్రక్కన ముదురుగా, ఇంచుక మాసినట్లుగా తోచును.

ఈ వింతకు కారణము నదిలోను లేదు, రంగులోను లేదు, చూపునందున్నది. ఒక రంగు ప్రక్కన మఱొక రంగు నుంచినపుడు కన్ను రెంటిని వేఱువేఱుగా కొలువక, వాని నడిమి భేదమును పెంచి చూచునని ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 1839లో ప్రకటించిన గ్రంథమున సోదాహరణముగ నిరూపించెను. ఆయన పారిస్ నగరమున గోబెలిన్ నేతశాలలో అద్దకపు పనులకు అధ్యక్షుడు. నల్లనూలు అద్దకము చాలకున్నదనియు, నీలము, ఊదా నూళ్ల ప్రక్కన నేసినపుడు నలుపు నలుపుగా నిలువకున్నదనియు మొఱ వినబడగా, ఆయన నూలును పరీక్షించి అద్దకమున లోపమేమియు లేదనియు, ఇరుగుపొరుగు రంగులే నలుపును చెఱచుచున్నవనియు కనుగొనెను. కావున కారునకు గాని లాంచీకి గాని రంగు నేరుకొనువాడు దుకాణములోని నమూనా చీటీ మీది చిన్న చదరమును చూచి తృప్తిపడుట సగము పని మాత్రమే; ఆ బండి తిరుగాడబోవు దారి యేది, దాని వెనుక నిలువబోవు నేపథ్యమేది యను ప్రశ్న మిగిలిన సగము. కొవ్వూరు నుండి పట్టిసీమకు వచ్చు గట్టుదారిన, ఒకవంక అరటితోటలును ఒకవంక ఏటినీరును ఉండగా, ఎఱ్ఱకారు కనబడినట్లు ఆకుపచ్చకారు కనబడదు. ఆ రెండవ కారు యజమాని రుచిని నేను తప్పుపట్టను. కాని అతడు తన కారును పదిమందియు చూడవలెనని కొన్నవాడైనచో, దానిని తిరుపవలసినది ఈ గట్టుమీద గాదు.

పగటిచూపునకు సాధనములైన శంకుకణములు మన కంటితెరయందు మూడు జాతులుగా నున్నవి. అందొక జాతి 420 నానోమీటరుల ప్రాంతపు నీలకిరణములకును, ఒకటి 530 ప్రాంతపు ఆకుపచ్చకును, మఱొకటి 560 ప్రాంతపు పసిమి గలిసిన ఆకుపచ్చకును మిక్కిలిగా స్పందించును. పసుపు కిరణము వచ్చి సోకినపుడు ఈ కడపటి రెండు జాతులును ఒక్కసారిగా ప్రబలముగ చలించుటచేతనే, నిండురంగులన్నింటిలోను పసుపు అత్యంత ప్రకాశమానముగ తోచుచున్నది. అయితే సూర్యాస్తమయము కాగానే లెక్క మాఱును. చీకటిచూపునకు ఆధారమైన దండకణములు 500 నానోమీటరుల ప్రాంతమున మాత్రమే తీక్ష్ణములు. ఎఱుపు విషయమున అవి దాదాపు గ్రుడ్డివి. అందుచేత మధ్యాహ్నమున నీలపు పడవ కంటె మెఱయుచుండిన ఎఱ్ఱపడవ మునిమాపువేళకు నల్లబడిపోవును. నీలపు పడవయో, మసక వెలుతురునందును ఇంకను తెల్లనై కనబడుచుండును. బొహీమియా దేశీయుడైన పుర్కిన్యే 1825లో ఈ సంగతిని వెల్లడించెను గాన దీనికి ఆయన పేరే నిలిచినది. సాయంకాలపు రేవున కూర్చుండు ఓపిక గలవాడెవ్వడైనను ఏ యంత్రమును లేకయే దీనిని సరిచూచుకొనవచ్చును.

మూడు జాతుల కణముల సిద్ధాంతమును ఒప్పుకొనని మహానుభావుడు మనలోనే ఒకడుండెను. విశాఖపట్నమున చిన్ననాటి చదువు చదివిన సి.వి. రామన్, తన జీవితపు చివరి దశాబ్దమున పూవుల రంగులను, చూపు తీరును వదలక పరిశీలించి, 1968లో దృష్టిని గూర్చి ఒక గ్రంథమును వెలువరించి, అందు ఈ త్రివర్ణ సిద్ధాంతమును త్రోసిపుచ్చెను. కణములను విడివిడిగా కొలిచిన పాశ్చాత్య ప్రయోగములు అప్పటికే, 1964 నుండియే, ఆ సిద్ధాంతమునకు అనుకూలముగ సాక్ష్యమిచ్చియుండెను. ఈ వాదమున రామన్ నిలువలేదని చెప్పక తప్పదు. అయినను, పసుపునకు చూపులో నున్న ప్రత్యేకస్థానమును ఆయన పట్టుపట్టి చాటుట వట్టిపోయినదని నేననుకొనను: సిద్ధాంతము పొరపడినచోట గూడ చూచిన కన్ను పొరపడకుండ నుండవచ్చును.

ఇక ఇష్టము మాట. కనబడుట వేఱు, నచ్చుట వేఱు. 1941లో ఐసెంక్ అను మనశ్శాస్త్రజ్ఞుడు అంతకుముందు పలువురు జరిపిన పరీక్షలనుండి యిరువదియొక్క వేల మందికి పైబడిన వారి ఇష్టాయిష్టములను ప్రోగుచేసి, నీలము, ఎఱుపు, ఆకుపచ్చ, ఊదా, నారింజ, పసుపు అను వరుసను తేల్చెను. కంటికి మొట్టమొదట కనబడు పసుపు, మనస్సునకు కట్టకడపటిదై నిలిచినది! 2010లో అమెరికాలోని బర్‌క్లీ విశ్వవిద్యాలయమున పామర్, ష్లాస్ అను ఇరువురు దీనికొక సమాధానము చెప్పిరి: రంగు రంగుగా మనకు నచ్చదు, ఆ రంగు గల వస్తువులు నచ్చుటచేత రంగును నచ్చును, తేటనీరు, నిర్మలాకాశము ఎవరికి ప్రియములో వారికి నీలము ప్రియము, కుళ్లును మాలిన్యమును తలపించు ముదురు పసిమివన్నె అప్రియము. ఈ వాదమును వారనినట్లే గ్రహించినచో, గడపకు పసుపు పూసి, మంగళసూత్రమునకు పసుపు త్రాడు కట్టి, పెండ్లి బట్టల అంచులకు పసుపు నంటించు మన యిండ్లలో పెరిగిన వానికి ఆ రంగు కడపటిది కానక్కఱలేదు. మన తెలుగునాట అత్యంత ప్రసిద్ధమైన పాతకారు పసుపుపచ్చనిదే యగుట ఇందులకు చక్కని తార్కాణము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కోరగా తయారై, 1912 నాటిదిగా పేరుపడిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు, సింహాసనము వంటి వెనుక ఆసనముతో, నేటికిని హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున చూపఱుల నాకర్షించుచున్నది. అసఫ్‌జాహీల జెండా పసుపుపచ్చనిది. కావున ఆ కారు రంగు ఒక్క మనుష్యుని ముచ్చట అనుటకంటె ఒక వంశపు ముద్ర అనుట మేలు. సొంత రుచి యనుకొన్నదానిలో పూర్వులది యెంత, తనది యెంత యని నిజామును అడుగగలిగినను ఆయన చెప్పగలిగెడివాడని నాకు నమ్మకము లేదు.

కోరిక యుండుట చాలదు. కోరిన రంగు డబ్బాలోనికి రావలెను. గుఱ్ఱపుబండ్ల కాలపు పద్ధతిని నూనెరంగును పూతపూతగా పూసి, ఒక్కొక్క పూతయు ఆఱినంతనే రుద్ది, మఱల పూసి, వారముల తరబడి ఒక్క బండిని షెడ్డునందుంచుట, అమెరికాలో కార్లను తామరతంపరగా చేయించిన ఫోర్డు వంటి వానికి ఎట్లు సాగును? 1914 నాటికి ఆయన కర్మాగారమున ఒక చట్రమును బిగించుటకు 93 నిమిషములు చాలుచుండెను. రంగు ఆఱుట మాత్రము తన పాతనడకనే నడచుచుండెను. కొలిమిగదిలో కాల్చి ఆర్చు నల్లని మెఱుగుపూత చవుక, గట్టి. అందుచేత 1914 నుండి 1925 వఱకు మోడల్ టీ కారు నలుపుతప్ప వేఱు రంగున దొరకలేదు. నలుపు అమెరికా ప్రజల అభిరుచి యని ఆ దినములందెవడైనను వీధిలోని కార్లను లెక్కించి తీర్మానించియుండిన, వాడు రంగు గదిలోని తొందరను జనహృదయముగ పొరబడినవాడగును. ఆ చిక్కు విడిపించినది తుపాకిమందు. ప్రత్తిని నత్రికామ్లముతో సంస్కరించి తయారుచేయు నైట్రోసెల్యులోజు మొదటి మహాయుద్ధకాలమున మందుగుండునకై గుట్టలుగ తయారైనది. యుద్ధానంతరము డ్యూపాంట్ సంస్థ దానిని పలుచని ద్రావకములందు కరిగించి, గంటలలో ఆఱిపోవు మెఱుగురంగుగ మార్చి డ్యూకో అను పేర విక్రయించెను. జనరల్ మోటార్సు వారి 1924 నమూనా ఓక్లండ్ కార్లు ఆ పూతతో నిండునీలపు వన్నెను ధరించి 1923లోనే బయటికి వచ్చినవి. మఱి మూడునాలుగేండ్లకు, 1927లో, ఆ సంస్థయే హార్లీ ఎర్ల్ అను కార్ల రూపకర్త చేతిక్రింద కళకును రంగునకును ప్రత్యేకముగ ఒక శాఖనే నెలకొల్పెను. మన షెడ్లలోని పెయింటరులు నేటికిని కారుపూతను డ్యూకో యనుట ఆ కథకు మిగిలిన ఆనవాలు.

పూతకు ఆఱుట నేర్పినవారు ఆ పిమ్మట వర్ణకముల వేటలో పడిరి. 1928లో స్కాట్లండు దేశమున గ్రాంజ్‌మౌత్ కర్మాగారమునందు తెల్లని ఒక రసాయనమును తయారుచేయు పాత్ర గాజుపూత పగిలి, లోని ఇనుము బయటపడగా, అందు ఎన్నడును లేని నీలపు మడ్డి తేలినది. దానిని పాఱవేయక పరీక్షించిన వారి పుణ్యమున, 1935 నాటికి థాలోసయనిన్ నీలము, ఎండకు వెలవని వర్ణకముగ విపణిని చేరినది. లోకమందలి నీలపు కార్లలో ఎన్నియో ఆ పగిలిన పాత్రకు వారసులు. 1958లో డ్యూపాంటు వారే క్వినాక్రిడోన్ వర్ణకములను విడుదలచేసిరి. వానితో చిక్కని గులాబి మొదలు ఊదా వఱకు, ఎండను తాళగల వన్నెలు సాధ్యమయ్యెను. తెలుపు కథ మనకు మఱింత సమీపమైనది. తెలుపునకు ప్రాణమైన టైటానియమ్ డయాక్సైడు, కాంతిని వంచు శక్తిలో, రూటైలు రూపమున, సుమారు 2.7 విలువగలది, దానిని పట్టియుంచు నూనెది 1.5; ఈ అంతరము వలననే పలుచని పూత గూడ లోని రేకును పూర్తిగ కప్పును. ఆ టైటానియమునకు మూలమైన ఇల్మనైటు నల్లయిసుకగా మన భీమునిపట్నము తీరమున కెరటముల వెంట పఱచుకొని యున్నది. నల్లయిసుక నుండి తెల్లకారు!

ఈ వర్ణకములన్నియు చేతికంది, యువకులకు జేబునిండ సొమ్ము గూడ అందిన ఒక స్వల్పకాలమున, అమెరికాలో పుట్టినవే మజిల్ కార్లు. నడితరపు పరిమాణము గల రెండుతలుపుల కారునందు, దాని యొడ్డునకు మించిన పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజనును బిగించుటయే వాని మర్మము. 1964లో పాంటియాక్ జీటీఓతో ఆ జాతి ప్రచారమునకు వచ్చినదని సాధారణముగ చెప్పుదురు. లోనున్న 6.4 లీటర్ల యంత్రము బయటివానికి కనబడదు గదా. అది కనబడకున్న యజమానికి తృప్తి యెక్కడిది? కనుక వినబడు శబ్దమును, కనబడు రంగును దానికి దూతలైనవి. 1970 నాటికి క్రైస్లర్ సంస్థ తన డాడ్జి, ప్లిమత్ శాఖలకు ఇచ్చిన రంగుల పేర్లను చూడుడు: ప్లమ్ క్రేజీ, గో మాంగో, టాప్ బనానా, సబ్‌లైమ్, పాంథర్ పింక్. గో మాంగో యనునది ఎఱుపు చాయగల నారింజరంగు. సువర్ణరేఖ పండు తిని పెరిగిన గోదావరివాడు అది మామిడిరంగే యని వెంటనే ఒప్పుకొనును గాని, బంగినపల్లి వానిని ఒప్పించుట కష్టము. ఇందు మఱొక చమత్కారము గలదు. ఈ పేర్ల వెనుక సంస్థవారి లెక్కలలో మూడక్షరాల సంకేతములుండెను. ఎఫ్‌సి7 అను ఒక్క ఊదారంగునే డాడ్జి వారు ప్లమ్ క్రేజీ యనియు, ప్లిమత్ వారు ఇన్-వయొలెట్ అనియు అమ్మిరి. ఎఫ్‌ఎమ్3 అను ఒక్క గులాబియే ఒకచోట పాంథర్ పింక్, ఒకచోట మూలాన్ రూజ్. డబ్బా ఒక్కటి, మోహము రెండు! ఒక పేరునకు మనసుపడి, రెండవ పేరును తిరస్కరించిన వాడు లేకపోయెనని ఎవరు చెప్పగలరు?

ఆ వైభవము చిరకాలము నిలువలేదు. పొగను గూర్చిన శాసనములును, యువకుల కార్లకు పెరిగిన బీమా రుసుములును, 1973 నాటి చమురుబంధనమును కలిసి ఆ పెద్ద ఇంజనులను మూలకు త్రోసినవి. ఆ కాలపు కార్ల పసుపులకు, నారింజలకు ప్రధానాధారములైన సీసపు క్రోమేటులు గూడ ఆరోగ్యమునకు హానికరములని కాలక్రమమున వెనుదీసినవి. నాడు కొనువారు తక్కువైన గులాబి కారు నేడు అరుదగుటచేతనే వేలములందు అధికమూల్యము నందుకొనుచున్నది. ఇచటనే పాతకార్లను పునరుద్ధరించు వారిలో ఎడతెగని తగవు: కారు పుట్టినపుడు రేకుపలక మీద ముద్రించిన సంకేతపు రంగే పూయవలెనా, లేక యజమానికి ప్రియమైన రంగు పూయవచ్చునా? 1995 నుండి ఆగస్టు మాసములందు డెట్రాయిటు చెంత వుడ్‌వర్డ్ వీధిని జరుగు పాతకార్ల ఊరేగింపును చూచువారిలో ఆ పరిసరములందు స్థిరపడిన తెలుగు ఇంజనీర్లు గూడ లేకపోరు. వారెవరైనను అందు ఒక బూడిదరంగు కారును, దాని ప్రక్కనే ప్లమ్ క్రేజీ కారును చూచినయెడల, మొదటిది యథార్థమో, రెండవది యథార్థమో పలకను చదివినగాని చెప్పజాలరు. నా వఱకు నాకు, పుట్టుక నాటి రంగును గౌరవించుట మంచిదే గాని, ఆ రంగును కోరినది మొదటి యజమానియో, దుకాణమున నిలువయున్నదానిని అంటగట్టిన విక్రేతయో మనకు తెలియదన్న సంగతిని ఆ వాదులు తఱచు విస్మరింతురని తోచును.

మన దారుల మీద ఇట్టి తగవు అరుదు. 1957 నుండి 2014 వఱకు ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ కారును తలచుకొన్నంతనే మనకు తెలుపు తోచును. కచేరీల ముందు, కల్యాణమండపముల ముందు నిలిచినవి ఆ తెల్లనివే. నేడు ప్రపంచమున కొత్తకార్లలో నాలుగింట మూడు వంతులకు పైగా తెలుపు, నలుపు, బూడిద, వెండి వన్నెలే యగుట చూడ, వర్ణకములు పెరిగినకొలది వాడుక కుదించుకొనిపోయినదనవలెను. తిరిగి అమ్మునపుడు ధర పోకూడదను భయము ఇందు ఒక కారణము; ఇది తన రుచిని మఱొకని రుచికి ముందుగనే లోబఱచుట. కాని మన కోస్తావానికి ఎండ అను వేఱొక వకీలు గలదు. సూర్యతేజస్సులో సగమునకు పైగా కంటికి కనబడని పరారుణమే. తెలుపు దానినిగూడ చాలవఱకు త్రిప్పికొట్టును, మామూలు నలుపు పీల్చివేయును. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్‌క్లీ ప్రయోగశాలవారు 2011లో ఒకే జాతికి చెందిన నల్లకారును, వెండివన్నె కారును ఎండలో నిలిపి కొలువగా, నల్లదాని పైకప్పు 25 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు, లోపలి గాలి ఐదాఱు డిగ్రీల వఱకు అధికముగ వేడెక్కినట్లు తేలినది. రాజమహేంద్రవరపు వేసవిలో ఐదు డిగ్రీలు తక్కువ మాట కాదు. ఈ తెలుపును రుచి యనుటకంటె వివేకమనుట న్యాయము. అయినను వివేకము ఒక్కటే ఏలుచున్న వీధిని చూచిన నాకు కొంచెము విసుగు పుట్టుమాట నిజము.

కడపట, రుచి తన ముఖమును నిజముగ చూపుచోటు పాతకారును తీర్చుచున్న షెడ్డు. రేకు సొట్టలు తీసి, లప్పం పట్టించి, వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టిన పిమ్మట, యజమాని పాతరంగును మఱల కోరుట యుండును. అనుభవము గల పెయింటరు అప్పుడు తలుపు రబ్బరు క్రింద, డిక్కీమూత లోపల, ఎండసోకనిచోట దాగియున్న రంగును వెలికితీయును. బయటి రంగును దాని ప్రక్కనుంచి చూచిన రెండును వేఱు రంగులే. అతినీలలోహిత కిరణములు వర్ణకపు అణువులను విఱుగగొట్టి, పూత పైపొరను పొడిగా మార్చుటచేత బయటిది వెలసి పాలిపోవును. ఎఱుపులలో కొన్ని ఇందు మిక్కిలి పిఱికివి. పోల్చిచూచుట షెడ్డులోని ట్యూబులైటు క్రింద చేయరాదు: సూర్యకాంతియందు ఒకటిగ కనబడు రెండు పూతలు, వాని వర్ణకములు వేఱైనచో, మఱొక దీపము క్రింద విడిపోవును, 1931లో అంతర్జాతీయ దీపనసంఘము మనిషి చూపును అంకెలలోనికి దింపి యేర్పఱచిన కొలతలు దీని కారణమును వివరించుచున్నవి. కావున నమూనాలను ఎండలోనే పోల్చవలెను. అట్లు పోల్చిన పిమ్మట, కారు పత్రములలో వ్రాసియున్న నీలమును కాదని, తాను చిన్ననాడు వెనుకసీటున కూర్చుండి యెఱిగిన, ఎండకు పాలిపోయిన నీలమునే కోరు యజమానులు ఉందురు. ఆ కోరికను తీర్చుట తేలిక గాదు. ఏలన, పాలిపోయిన పూతలోని తెల్లదనము వర్ణకపు లోపము మాత్రమే గాదు, గరుకెక్కిన పైపొరయందు వెలుగు చెదరుటచే కలిగినది గూడ. నిగనిగలాడు కొత్తపూతలో ఆ చెదరుట లేనందున, తెలుపు కలిపి అంకె సరిపెట్టినను కంటికి సరిపడదు. అందుచేత పెయింటరు డబ్బాలో మఱికొంత తెలుపు కలిపి, పైమెఱుపును ఒకపిసరు చంపి, మూడవ నమూనాను చేతబట్టి మఱల ఎండలోనికి నడచును.